ఇక్కడ డెడ్

"బూట్లతో కల్లంలోకి వస్తావేంట్రా? తినే మిరపకాయలు తొక్కుతావా?" రెబ్కా చీపురు ఎత్తింది.

ఎలీషా గబగబా బూట్లు విప్పాడు. "సిగ్నల్ ఎక్కడ అందుతుందో చూపించే యాప్ అండి. టెస్ట్ చేస్తున్నా." ఆరబోసిన కాయల మధ్య నిలబడి ఫోన్ చూసుకుని గొణిగాడు. "ఇక్కడ డెడ్."

రెబ్కా అతని చొక్కా పట్టుకుంది. "ఎవరు చెప్పార్రా నీకు? మా ఆయన ఇక్కడే చచ్చాడని మా అత్త చెప్పిందా?"

"అయ్యో, మనుషుల గురించి కాదండి! ఊళ్లో టవర్ ఈ కల్లం దాకా అందదు. ఏ సిమ్మైనా కలవదు."

"పోయినేడూ కలిసేది కాదా?"

"ఎప్పుడూ కలవదండి."

ఆమె చొక్కా వదల్లేదు. ఇంకా బిగించింది.

"ఆయన పడిపోయినప్పుడు 108కి నొక్కుతూనే ఉన్నాను. 'ఫోన్ చేయడం కూడా రాని మొద్దు, నా కొడుకుని చంపింది' అని ఆ ముసల్ది ఊరంతా టముకేసింది."

ఎలీషా ఏదో అనబోయాడు.

"నాకు కాదు." కాళ్ల కింద మిరపకాయలు నలుగుతున్నా చూసుకోకుండా అతన్ని ఊరివైపు లాక్కెళ్లింది. "ఆ ముక్క ఆమె ముందర అను. గట్టిగా అను, ఊరంతా వినాలి."