పదో పని

తమ్ముడు డైవింగ్ బోర్డు ఎక్కడమైతే ఎక్కాడు గానీ దూకడం లేదు. రెండు చేతులతో కమ్మీని కావలించుకుని నిలబడ్డాడు.

కింద అక్క ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మూడేళ్ల కూతురి జబ్బ పట్టుకుని తల పైకెత్తి చూస్తోంది. ఫోను ఎప్పుడైనా జారొచ్చు. జబ్బ మాత్రం జారదు. నీళ్లున్న చోట అక్క పట్టు అలాంటిది.

“మామ ఏడుస్తున్నాడా?” అంది పిల్ల.

“లేదమ్మా. కళ్లలో నీళ్లు పడ్డాయి.”

“ఇంకా దూకలేదుగా?”

అక్క పిల్లను నీళ్లకు ఇంకో అడుగు దూరం లాగింది.

ముప్పై నిండేలోపు పది పనులు చేసి తీరతానని తమ్ముడు ఆమధ్య ఆఫీసులో ప్రకటించాడు. మేనేజరు ముచ్చటపడి ఆ పదింటినీ చార్టు మీద రాయించి, కాఫీ మిషను పక్కన గోడకు అంటించాడు. అప్పట్నుంచి కాఫీకి వచ్చిన ప్రతివాళ్లూ “ఎంతవరకు వచ్చింది?” అని అడగడమే. తొమ్మిదింటికి టిక్కులు పడ్డాయి. మిగిలింది ఈ దూకడం ఒక్కటే. పుట్టినరోజు రేపే. సాయంత్రం మేనేజరుతో సహా అందరూ ఇంటికి వస్తున్నారు.

ఆ తొమ్మిదీ బాగానే జరిగాయి. కొండ మీద సూర్యోదయం ఫోటో చాలా బాగా వచ్చింది. తీసింది అక్క. తమ్ముడు అప్పుడు కారులో నిద్రపోతున్నాడు. రక్తదానం ఫోటోలో మంచం మీద వెల్లకిలా పడుకున్నది మాత్రం అచ్చంగా తమ్ముడే. సూది చూసి పడిపోయాడు. రక్తం ఇచ్చింది పక్క మంచం మీదున్న అక్క. పరుగు పందెంలో అక్క నీళ్ల సీసా పట్టుకుని పక్కనే పరుగెత్తింది, చివర్లో అతని బూట్లు కూడా మోసింది. ఒక్కడినీ నీళ్లలోకి దిగనంటే ఈతకూ తోడు దిగింది. తమ్ముడికి ఈత వచ్చింది. తోడు దిగిన పాపానికి అక్కకూ వచ్చింది.

“వాడు చిన్నవాడే. పెద్దదానివి, నువ్వే చూసుకోవాలి,” అన్నది అమ్మ ఎప్పుడూ అనే మాట. తమ్ముడు కాలేజీలో చేరిన ఏడాదే అక్కను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. అప్పుడూ ఆ మాటే అంది.

పైన ఇంకా కదలిక లేదు. అతని వెనక పిల్లలు వరసకట్టారు. కొలను దగ్గర ఈల పట్టుకుని కాపలా ఉండే ఆవిడ విసుగ్గా వచ్చింది.

“ఏమ్మా, మీవాడు దూకుతాడా, అక్కడే కాపురం పెడతాడా?”

అక్క ఫోనూ పిల్లనూ ఆవిడకు అప్పగించింది. “చెయ్యి వదలకండి. ఇప్పుడే తింది, గెంతనివ్వకండి. నీళ్ల వైపు తిరిగినా లాగెయ్యండి. ముక్కు కారితే...”

“నేనూ ముగ్గుర్ని కన్నానమ్మా. వెళ్లు.”

అక్క పైకెక్కింది.

“పద, దిగిపోదాం,” అంది.

“దిగితే నా పరువేం కావాలి? ఆ చార్టు ముందు నిలబడి జీవితాంతం కాఫీ తాగాలి నేను.”

“అయితే దూకు.”

“కాళ్లు రావట్లేదక్కా.” గొంతు తగ్గించాడు. “నువ్వు దూకవా? నా టోపీ, నా ఈత కళ్లద్దాలు, నా టీషర్టు వేసుకో. కింద నుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? మనిద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే ముక్కు అంటారుగా అందరూ.”

“నీకేమైనా పిచ్చా? నాకు పిల్ల ఉందిరా.”

“నాకు మేనేజరున్నాడక్కా.”

అక్క కిందికి చూసింది. పిల్ల చెయ్యి ఊపుతోంది. అంత ఎత్తు నుంచి చొక్కా గుండీ అంత ఉంది. అక్క తమ్ముడి మోకాళ్లు చూసింది. ఇంకాసేపు ఇలాగే వణికితే వీడే జారి పడేలా ఉన్నాడు.

అతని టీషర్టు పైన తొడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, జుట్టు ముడేసి టోపీలోకి తోసింది.

“వీడియో తియ్యండి!” అని తమ్ముడు కిందికి అరిచాడు. ఆ అరుపులో మాత్రం మంచి ధైర్యం ఉంది.

అక్క దూకింది.

నీళ్లలోంచి పైకి తేలాక ఎందుకో నవ్వొచ్చింది. ముక్కులోకి నీళ్లు పోయినా ఆ నవ్వు ఆగలేదు. అది వీడియోలో లేదు. పిల్ల చెయ్యి గుంజుతోందని ఈల ఆవిడ అప్పటికే ఆపేసింది.

మర్నాడు సాయంత్రం ముందుగదంతా మనుషులు. టీవీలో వీడియో వేశారు. నీలం టీషర్టు గాల్లోకి లేచి నీళ్లలో పడింది. చప్పట్లు మోగాయి.

“అమ్మ!” అంది పిల్ల టీవీకి వేలు చూపించి.

“అమ్మ కాదే, మామ,” అంది అమ్మమ్మ.

అందరూ నవ్వారు. మేనేజరు చార్టును చుట్టి వెంట తెచ్చుకున్నాడు. ఎర్రపెన్నుతో పదో టిక్కు పెట్టాడు. తమ్ముడు తన పేరున్న కేకు కోశాడు. అక్క పళ్లేలు అందించింది. వంటింట్లోకి వస్తే అమ్మ ఒక కవరు చేతిలో పెట్టింది.

“నీకూ తీసుకున్నానే. గుడ్డే. నువ్వే కుట్టుకుంటావుగా.”

“కుట్టుకుంటాలే,” అంది అక్క.

మేనేజరు రెండో ముక్క కోసం అక్క దగ్గరికే వచ్చాడు.

“మీ తమ్ముడు గట్టివాడమ్మా! ముప్పై నిండేసరికి ఎన్ని చేశాడో చూడండి. మీ రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి లెండి. ఇంతకీ మీకంటే ఎన్నేళ్లు చిన్నవాడు?”

“పది నిమిషాలు,” అంది అక్క, పిల్ల మూతికి అంటిన క్రీము తుడుస్తూ.