ఇరవై ఎనిమిది

“ఇరవై ఏడు,” అంది ఆమె.

“మళ్లీ లెక్కపెట్టు.”

పెద్దాయన గొంతులో విసుగు లేదు. ఇలాగే అవుతుందని ముందే తెలిసినవాడి తృప్తి ఉంది. ఆమె రేకు మూతలో పోసిన బేరింగు సూదులను ఒక్కొక్కటిగా పక్కకు జరిపింది. బియ్యపు గింజకు రెండింతలుండే ఉక్కు కడ్డీలవి.

“ఇరవై ఏడే, పెదనాన్నా.”

“చెయ్యి తిప్పి చూసుకో.”

బొటనవేలి అడుగున, నూనె జిడ్డుకు అంటుకుని ఒకటుంది. ఆమె ముఖం చిన్నబోయింది.

“అదీ సంగతి. మీ నాన్నా ఇంతే. కాకపోతే ఆయనగారు చెయ్యి తిప్పి చూసుకోలేదు. ఇరవై ఎనిమిదని గట్టిగా చెప్పాడు. నేను నమ్మాను.”

ఆమె తండ్రి పోయి పదకొండు రోజులైంది. ఈయన చూడటానికి రాలేదు. తానూ లేతు మిషను మీద ఇనుమును చెక్కి బతికేదే కాబట్టి ఆ మాటనూ ఓర్చుకుంది.

ఒకప్పుడు ఈ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. పాత మోటారుసైకిళ్లకు ప్రాణం పోసేవాళ్లు. వాల్వును నొక్కే రాకరు చేతిలో విడి సూదులు పేర్చాల్సి వస్తే, తమ్ముడు పైకి లెక్కపెట్టి మూతలో పోసేవాడు. అన్న రాకరు రంధ్రంలో గ్రీజు పూసి, వేలితో ఒక్కొక్క సూదినీ చుట్టూ అతికించేవాడు. లెక్క తమ్ముడిది, కూర్పు అన్నది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు.

పన్నెండేళ్ల కిందట ఒక ఉదయం అన్న కొడుకు తన బండి కోసం తొందరపెట్టాడు. “నాన్నా, ఇంకా ఎంతసేపు?” అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇంజను బిగించి ఇచ్చారు. ఆరు కిలోమీటర్లు పోయాక ఖాళీ సందులోకి సూదులు వాలిపోయి, రాకరు బిగుసుకుపోయి, వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోయింది. వెనకే లారీ ఉంది.

ఇంజను విప్పి చూస్తే ఆ రాకరులో ఇరవై ఏడే ఉన్నాయి. అడుగు దాకా వెతికినా ఇరవై ఎనిమిదోది దొరకలేదు.

“అన్నయ్యా, ఇరవై ఎనిమిదే ఇచ్చాను,” అంటూ తమ్ముడు గేటు దగ్గర రెండు రోజులు నిలబడ్డాడు. అన్న తలుపు తీయలేదు. పనిముట్లన్నీ పెట్టెలో పడేసి తాళం వేశాడు. తమ్ముడు ఆ ఇంజను మోసుకుని వెళ్లిపోయాడు. ఇవాళ అదే ఇంజను ఈ బల్ల మీదికి తిరిగొచ్చింది.

“ముందు కామ్‌షాఫ్టు చూద్దాం. బేరింగును ఏ వైపు నుంచి నొక్కాలి?”

“అక్షరాలున్న వైపు నుంచి. నాన్న నేర్పారు.”

“వాడికి నేర్పింది నేను,” అన్నాడు పెద్దాయన. బేరింగును కామ్‌షాఫ్టు కొనకు పెట్టి, వైసు పట్టులో ఉంచి పిడి తిప్పాడు. అది వంకర లేకుండా లోపలికి దిగింది. చెమటకు జారిన కళ్లజోడు సర్దుకున్నాడు.

“మీకు కళ్లజోడు ఎప్పట్నుంచి, పెదనాన్నా?”

“నా కొడుకు పోయినప్పట్నుంచి. అంతకుముందే పెట్టుకోమని మీ నాన్న ఒకటే పోరు. నా వేళ్లకు కళ్లున్నాయిరా అనేవాణ్ణి.” నవ్వబోయి ఆగాడు. “అసలు నీతో ఈ ఇనుమెందుకు పంపాడు? నా కడుపుకోత చాలలేదా?”

“మీరే బిగించాలన్నారు. కొత్త సూదులు ఎప్పుడో కొని పెట్టారు.”

“అంతేనా? ఇంకేమీ అనలేదా?”

ఆమె మూతలోని సూదులను ఒక పక్కకు చేర్చింది.

“ఒప్పుకున్నారు.”

పెద్దాయన చేతిలోని రాకరు అలాగే ఆగింది.

“ఏమని?”

“ఆఖరి రోజు నన్ను దగ్గరికి పిలిచారు. లెక్క తప్పింది నేనేనని అన్నయ్యకు చెప్పు, అది వింటేనైనా షెడ్డు తలుపు తీస్తాడు అన్నారు. పన్నెండేళ్లూ కాదు కాదన్న మనిషి, ఆ రోజు ఎందుకన్నారో నాకు తెలీదు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముఖం చేతుల్లో దాచుకుని, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఈ ముక్క అప్పుడే అని ఉంటే! కొడుకు పోయినా తమ్ముడు మిగిలేవాడు కదే నాకు! పన్నెండేళ్లు ఒక్క వీధి అవతల ఉండి, వాడి ముఖం చూడకుండా బతికాను.”

“ఇప్పటికైనా క్షమించండి, పెదనాన్నా.”

“క్షమించాను తల్లీ. మనసారా క్షమించాను. ఎవరితో చెప్పుకోను ఇప్పుడు?”

ఆమె సంచిలోంచి గ్రీజు ట్యూబు తీసి ముందుకు జరిపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఈ షెడ్డులో ఒకరి గ్రీజు ఒకరు ముట్టుకోం. నలుసు పడితే బేరింగు పోతుంది. మీ నాన్న కూడా నా డబ్బా జోలికి ఏనాడూ రాలేదు.”

పెట్టె తాళం తీసి, అడుగునున్న డబ్బా బయటికి లాగాడు. పన్నెండేళ్ల కిందటి ఆ ఉదయం మూసిన మూత తుప్పుతో పట్టేసింది. స్క్రూడ్రైవరుతో ఎత్తితే ఊడింది. గ్రీజు పైన పెచ్చు కట్టింది. కొడుకు గుమ్మంలో తొందరపెడుతుంటే ఆయన వేలు ముంచిన గుంట ఇంకా అలాగే ఉంది.

“అడుగున బాగానే ఉంటుందిలే. ఊఁ, నువ్వు లెక్కపెట్టు. మీ నాన్నలా కాకుండా, సరిగ్గా.”

“ఒకటి... రెండు...”

ఆయన ఆ పాత గుంటలోకే ఉంగరపు వేలు దించాడు.

గ్రీజులో పూడుకుపోయిన ఒక సూది వేలికి తగిలింది.