కురమోచి గారి కొండకు మ్యాపు

“ఆటలో మ్యాపు పెడితే నేను చచ్చినట్టే లెక్క!” అని బల్ల చరిచాడు కురమోచి. టీ కప్పులు నాలుగూ ఎగిరిపడ్డాయి.

“పెట్టకపోతే ఆడేవాళ్లు చస్తారు సార్,” అంది సుగాయ, ఒలికిన టీ తుడుస్తూ. “మన నొమియామాను ఆడి చూడమంటే పదకొండు రోజులుగా అదే చెరువు చుట్టూ తిరుగుతున్నాడు. కప్పలకు పేర్లు కూడా పెట్టేశాడు.”

“అదీ! మ్యాపుంటే ఆ కప్పల మొహం చూసేవాడా?”

ఒసాకాలో ఓ ఇరుకు వీధిలోని మేడ, మూడో అంతస్తు. ఎనిమిదిమంది కలిసి నాలుగేళ్లుగా తయారుచేస్తున్న వీడియో గేమ్ అది. మంచుకొండల్లో దారి వెతుక్కుంటూ పోవడమే ఆట. దానికి దర్శకుడు కురమోచి. ఆ కొండలకు మ్యాపు గీసింది సుగాయ, రెండేళ్లపాటు కుంచె పట్టుకుని. అదిప్పుడు గోడ నిండా వేలాడుతోంది. ఆటలోకి వెళ్తుందా లేదా అన్నది ఇవాళ తేలిపోవాలి. ఆటను బజారులోకి తెచ్చే కంపెనీ తరఫున ఇనుజుకా అనే పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన మొహం వీళ్లెవరూ ఎరగరు గానీ, ఆయన మాటే ఆఖరని ఇద్దరూ ఒప్పుకున్నారు. సుగాయ ఓడితే మ్యాపు కాగితాలు తురిమే యంత్రంలోకి పోతుంది. కురమోచి ఓడితే గుండు కొట్టించుకుంటాడు.

పదింటికి రావలసిన మనిషి పదకొండు దాటినా జాడ లేడు. ఫోను చేస్తే అందడం లేదు.

“దారి తప్పుంటాడు. మన ఆఫీసుకు దారి గీసి పంపుతానంటే మీరే పడనివ్వలేదు,” అంది సుగాయ.

“తప్పనీ అమ్మాయ్! ఇరుక్కున్నవాడికి చెయ్యి అందించకూడదు. తనంతట తానే బయటపడాలి. మజా అంతా అందులోనే ఉంది.”

గోడవతల ఎక్కడో గంట మోగింది. కాసేపాగి, మళ్లీ మోగింది.

“అబ్బ! మొమోసె ఇవాళ ప్రాణం పెట్టేస్తున్నాడు,” అని కళ్లు మూసుకున్నాడు కురమోచి. ఆటకు చప్పుళ్లు కట్టేది మొమోసే. “వింటున్నావా? మంచులో చిక్కుకున్నవాడి గుండె కొట్టుకున్నట్టు లేదూ?”

“చెవులు హోరెత్తుతున్నాయి సార్.”

“నీకు వినడం రాదు.”

అంతలో తలుపు తెరుచుకుంది. నల్ల సూటు వేసుకున్న మనిషి ఆయాసపడుతూ వచ్చి, నడుము విరుగుతుందేమో అన్నంతగా వంగాడు. “క్షమించాలి. ఇంత ఆలస్యం కావడం పూర్తిగా మా తప్పే.”

“ఇనుజుకా గారూ! రండి రండి. లిఫ్టుండగా మెట్లెక్కి వచ్చారా?” కురమోచి మురిసిపోయాడు. “చూశావా సుగాయా, కాళ్లను నమ్ముకున్న మనిషి!”

వచ్చినాయన నోరు తెరిచాడు, మూశాడు, ఇంకాస్త కిందికి వంగాడు. ముదురు నీలం కాగితం చుట్టిన మిఠాయి పెట్టె రెండు చేతులా అందించాడు. “కార్డు ఇద్దామంటే, కింది రెండంతస్తుల్లో పంచేసరికి అయిపోయాయి. అదీ మా తప్పే.”

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆట చేతికిచ్చారు. నిమిషంలో చెరువులో పడ్డాడు. “క్షమించాలి,” అన్నాడు కప్పలతో.

“మీరే చెప్పండి,” కురమోచి ముందుకు జరిగాడు. “మ్యాపు అక్కర్లేదు కదా?”

“అస్సలు అక్కర్లేదండి. మీరన్నదే న్యాయం.”

“అయ్యా, మ్యాపు లేకపోతే జనం దిక్కుతోచక ఏడవరూ?” అంది సుగాయ.

“ఏడుస్తారండి. ఉండి తీరాల్సిందే. ఇన్నాళ్లూ లేకపోవడం మా తప్పు.”

“మీ తప్పేముందండీ?”

“అంతా మా తప్పేనండి.”

“ఇంతకీ ఉండాలా వద్దా?” కురమోచి గొంతు పెంచాడు.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కురమోచి నెరిసిన తల దగ్గర చూపు ఆగింది. “వద్దండి. ఇకముందు ఇలాంటిది జరగకుండా చూసుకుంటాం,” అన్నాడు. మూడుసార్లు వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయాడు.

కురమోచి బల్లచుట్టూ గంతులేశాడు. గంట మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా.

సుగాయ లేచింది. గోడకున్న మేకులు ఒక్కొక్కటే పీకి, మ్యాపు చుట్టచుట్టి యంత్రం పక్కన పెట్టింది. మీట నొక్కబోయి ఆగింది. ఏడిచే ముందు ఏదైనా తిందామని మిఠాయి పెట్టె విప్పింది. బిళ్లల మీద మడతపెట్టిన కాగితం ఉంది. తీసి చదివింది.

“లిఫ్టులో ఇరుక్కున్న మీ అతిథి క్షేమంగానే ఉన్నారు. ఇట్లు, లిఫ్టు మరమ్మతు కంపెనీ.”