సగం గూడు

వాగుమీదికి వంగిన తుమ్మకొమ్మకి గిజిగాడి గూళ్ళు కలలో ఉయ్యాలల్లా ఊగుతుండేవి. అన్నీ సగం అల్లినవే. ఎవరైనా వచ్చి లోపల కూర్చుంటే, ఆ ఒంటికి సరిపడా మిగతా సగం అల్లడం వాడి పద్ధతి.

నెమలి సభ పెట్టి, "గిజిగాడు మన అడవి బిడ్డ, మనమే నిలబెట్టుకోవాలి" అంది. పక్షులన్నీ రెక్కలు చరిచి, కొండవతల నుంచి తెప్పించుకున్న రేకు గూళ్ళలోకి ఎగిరిపోయాయి. పొగడ్తకేం, నోరుంటే చాలు.

'వాన పడేలోగా ఒక్కరూ నా గూట్లో దిగకపోతే అల్లిక మానేస్తా' అనుకున్నాడు గిజిగాడు. మబ్బు మెల్లగా వాగుమీదికి వాలింది.

సభకే రాని పిచ్చుకమ్మ వచ్చి సగం గూట్లో చతికిలబడింది.

"ఏమయ్యా, వీపుకి గాలి కొడుతోంది. గుడ్లు పెట్టాల్సినదాన్ని, ఇలాగేనా అల్లడం?"

గిజిగాడు గడ్డిపోచ అందుకున్నాడు.

"కాస్త లోపలికి జరుగమ్మా."