కింది ఇంటి చప్పుడు

బెథనీకి భూకంపమంటే భయం లేదు, తుపానంటే లేదు. ఆమె భయమంతా ఒక్కటే, కింది ఇంట్లోంచి వచ్చే చప్పుడు. కూతురు మియో నాలుగడుగులు గట్టిగా వేసిందా, కింద ఒకుదా బామ్మగారు చీపురు కర్రతో తన ఇంటి కప్పుని పొడుస్తుంది. పైకి ఒక్క మాట అనదు. మెట్ల మీద ఎదురైతే నడుం వంచి నమస్కారం కూడా పెడుతుంది. అంత మర్యాద గల మనిషి వెళ్లి అపార్ట్‌మెంటు సంఘం పెద్దతో చెప్పిందంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఆ తర్వాత ఈ అమెరికా కోడలికీ దాని పిల్లకీ ఈ టొయామా ఊళ్లో ఇల్లెవరిస్తారు?

ఆ రోజు పొద్దున ముసురు పట్టింది. బెథనీ చెత్త సంచీ పారేసి వస్తుంటే, ఒకుదా బామ్మగారి ఇనప తలుపు సందులో పసుపు గుడ్డ ఇరుక్కుని సగం బయటికి వేలాడుతోంది. రోజూ తలుపు పిడికి కట్టి ఉండే గుడ్డే. మెల్లిగా లాగి, దులిపి, పిడికి కట్టింది. మియో జడకి కట్టినట్టే, రిబ్బను పువ్వులాగా. ఈ పని చూసైనా బామ్మగారికి తన మీద కాస్త దయ కలగనీ అనుకుంది.

పైకొచ్చి తలుపు వేసిందో లేదో, మొదలైంది. టక్. టక్. టక్.

మియోకి నిన్నటి నుంచి జ్వరం. పరుపు దిగితే ఒట్టు.

"అమ్మా, నేను పరిగెత్తలేదు," అంది పిల్ల కళ్లు తెరవకుండానే.

"తెలుసురా బంగారం. నువ్వు పడుకో."

పిల్లని ఎత్తుకుని మునివేళ్ల మీద వెనక గదిలోకి వెళ్లింది. చప్పుడు అక్కడికీ వచ్చింది. కుళాయి తిప్పడం మానేసింది. ఫ్యాను కూడా ఆపేసింది. మియోకి దగ్గు తెర వస్తే, "దుప్పట్లోకి దగ్గు తల్లీ, దుప్పట్లోకి," అని బతిమాలింది. అయినా టక్. టక్.

నాగోయాలో ఉద్యోగం చేస్తున్న మొగుడికి ఫోను చేసింది.

"వెళ్లి తప్పైపోయిందని చెప్పు," అన్నాడు తకుమా.

"పిల్ల మంచం పట్టి ఉంటే తప్పేంటి తకుమా? కాలు కింద పెట్టలేదు!"

"అయినా చెప్పు. చెబితే నీ సొమ్మేం పోతుంది?"

చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టిన మిఠాయిల డబ్బా ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచుకుంటుంది, ఇలాంటి రోజుల కోసమే. అది పట్టుకుని దిగింది. గంట నొక్కింది. ఎవరూ రాలేదు. రాకపోగా లోపల చప్పుడు జోరందుకుంది, టకటకటకమని.

ఇంత కోపమా!

మూసిన తలుపు ముందే నడుం సగానికి వంచింది. "క్షమించండి బామ్మగారూ. పిల్లకి ఒంట్లో బాగాలేదు. ఇక చప్పుడు రానివ్వను. క్షమించండి." డబ్బా గుమ్మం ముందు పెట్టి, కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

పైన ఎదురింటి సెగావా గారు గొడుగు దులుపుకుంటోంది. "ఏం మియో వాళ్లమ్మా, మళ్లీ అక్షింతలా? మాకూ వినిపిస్తోందిలే."

"సెగావా గారూ, ఆవిడకి ఏమీ కాలేదు కదా? ఇలా ఎప్పుడూ ఆపకుండా కొట్టలేదు."

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది. పొద్దున్నే ఆవిడ తలుపు చూసుకునే వెళ్లాను. మీ అమెరికావాళ్ల అడుగులు కాస్త బరువు, ఏమనుకోకు. పిల్లకి మందపాటి మేజోళ్లు తొడుగు."

"అలాగేనండీ," అంది బెథనీ.

మియోని ఒళ్లో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటేసరికి చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. ఒకటి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టు. తర్వాత రాలేదు. బెథనీ చాలాసేపు ఊపిరి బిగబట్టి విన్నది. నిజంగానే ఆగిపోయింది.

అమ్మయ్య, అనుకుంది. కోపం తీరింది.

పిల్లకీ చెమట పట్టి జ్వరం దిగింది. "ఆకలేస్తోంది," అంటే బియ్యపు జావ కాచింది. భయం లేకుండా కుళాయి తిప్పింది కూడా. తల దువ్వి రిబ్బను కట్టింది.

దీపాలు పెట్టే వేళకి సెగావా గారు తలుపు తట్టింది. "మియో వాళ్లమ్మా, నీ మిఠాయి డబ్బా ఇంకా గుమ్మంలోనే ఉందే. పసుపు గుడ్డ కూడా లోపలికి తీయలేదు. చీకటి పడకముందే తీసేస్తుందే ఎప్పుడూ."

"గుడ్డ ఎందుకు తీయాలండీ?"

"అదేంటి, నీకెవరూ చెప్పలేదూ?" సెగావా గారు నోటి మీద చెయ్యేసుకుంది. "అందరికీ తెలిసిందే కదా అని ఊరుకున్నట్టున్నాం. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు పొద్దున లేవగానే కడతారు, నేను బాగున్నానని. సాయంత్రం తీసేస్తారు. కట్టకపోతే మేమే తలుపు తీసి లోపలికి వెళ్లి చూస్తాం. ఇవాళ కట్టే ఉంది, అందుకే ఎవరం వెళ్లలేదు. అదీ మామూలు ముడి కాదు, రిబ్బను పువ్వు! ముసలమ్మకి ఏం సరదా పుట్టిందో..."

సెగావా గారి చూపు మియో జడ మీద పడి అక్కడే ఆగిపోయింది.

బెథనీ పెదాలు కదిలాయి. "అది... నేను కట్టానండీ. అయితే ఆ చప్పుడు... కోపం కాదు, పిలుపా?"

ఇది చదువుతున్నవాళ్లూ, మీ కింది ఇంట్లో చప్పుడు ఆగిపోయిందా? అమ్మయ్య అనుకోకండి. ఒక్కసారి దిగి, తలుపు తీసి చూసి రండి.