బొగ్గు గీతలు

“పురుడెల్లి రెండ్రోజులైంది. ఇంకా ఆ పాకలోనే తొంగుంటాడేటి ఈ మడిసి?” అన్నం కేరేజీ సర్దుతూ బొడ్డమ్మ గొణిగింది.

కోడలు రెబెక్కా పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ వాకిట్లో తిరుగుతూనే ఉంది.

మామ నీలకంఠం పాప పుట్టిన రోజున పలాస ఆసుపత్రి నుంచి నేరుగా జీడితోటలోని పాకకే వెళ్ళిపోయాడు. పురిటి మైల కదా, పదకొండు రోజులేలే అనుకుందామె. పురిటిస్నానమూ అయింది, పేరూ పెట్టారు. ఆయన మాత్రం గడప తొక్కలేదు. చర్చికెళ్ళే పిల్లని పెళ్ళప్పుడే ఆర్నెల్లు మొహం మాడ్చుకున్న మనిషి. ఇప్పుడు ఆడపిల్లని కూడానా? ఆ అనుమానం ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఇంతలో నర్సు ప్రమోదిని వచ్చి పాపను తూచింది.

“బాగుంది గుంట. దీనికి ఆర్నెల్లు నిండేదాకా ఫ్లూ టీకా వెయ్యకూడదు. సుట్టూ ఉన్నోలే ఏసుకోవాల. పోయిన నెల క్యాంపులో నువ్వూ, మీ ఆయనా, పిన్నీ ఏసుకున్నారు. నీలకంఠం బాబాయే, సూదిని సూసి తోటల్లోకి పరుగెట్టాడు!”

“ఆడంతే, మహా పిరికోడు,” బొడ్డమ్మ నవ్వింది. “అయితే ఏసుకున్నోలికి ఇంక జొరమే రాదేటి?”

“అస్సలు రాదని కాదు పిన్నీ. దొంగ ఫొటో కావలోడికి ముందే సూపించినట్టు. దొంగ రాగానే పోల్చుకుని తంతాడు. అయితే సూదేసిన రోజే కాదు, కావలోడు తయారవ్వడానికి రెండు వారాలు పడతాది.”

రెబెక్కా మనసు ఆ మాటల మీద లేదు. నర్సు అటు వెళ్ళగానే కేరేజీ అందుకుంది.

“అత్తా, ఈపూట నేను పట్టుకెళ్తాను.”

పాపనూ ఎత్తుకుంది. ఈరోజు అటో ఇటో తేలిపోవాలి.

నీలకంఠం పాక ముందు జీడిపిక్కలు ఆరబోస్తున్నాడు. వాళ్ళని చూస్తూనే ఉలిక్కిపడి లేచి, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఆగాగు! అక్కడే ఆగు! గుంటని ఇటు తేకు!”

రెబెక్కాకి ఏడుపు ముంచుకొచ్చింది.

“మేమంటే అంత రోతా మావయ్యా? కోపముంటే నన్ను తిట్టండి. ఈ పసిగుడ్డు ఏం చేసింది?”

ఆయన తల అడ్డంగా ఊపుతూ వెనక్కి వెనక్కి జరిగాడు. వీపు తలుపుకి తగిలింది. తలుపు మీద వరసగా బొగ్గు గీతలు.

“దీని మొహం చూడకుండా ఎన్నాళ్ళున్నారో లెక్క కూడానా!”

నీలకంఠం పాప మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తువ్వాలు చాటునుంచే అన్నాడు.

“గుంట పుట్టిన రోజే ఆసుపత్రిలో నానూ సూదేయించుకున్నానమ్మా, రేపటికి రెండు వారాలు.”