చుక్కల మందు

“ఆ రూలు తీసెయ్యమ్మా, నడుస్తుంది,” అన్నాడు చలపతిరావు గొంతు తగ్గించి.

“తియ్యనండి,” అంది అన్నమ్మ.

తొంభై ఏడులో తెనాలి బోసు రోడ్డులో చలపతిరావు నడుపుతున్న కంప్యూటర్ సెంటరుకు వచ్చిన మొదటి పెద్ద పని అది. రేపల్లె పిల్లల డాక్టరు వెంకటప్పయ్య గారు చెప్పులు బయట విడిచి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నర్సు మందు పేరు, బిడ్డ బరువు కొడితే ఎంత పట్టాలో కంప్యూటర్ చెప్పాలి. తెర మీద మాత్రం తప్పు ఉందన్న ఒక్క వాక్యం కదలకుండా నిలబడి ఉంది.

అక్కడ ప్రోగ్రాములు రాసే అన్నమ్మ సి ప్లస్ ప్లస్‌లో ‘మందు’ అని ఒక మూల క్లాసు, అంటే మందులన్నిటికీ అచ్చులాంటిది, రాసింది. అందులో మోతాదు అన్న పేరే ఉంది, లెక్క లేదు. దాని కింద చేరే ప్రతి మందుకూ, ఎవరు రాసినా, విడిగా లెక్క రాయాల్సిందే; అదీ ఆమె పెట్టిన రూలు. ఒక్కదానికి రాయకపోయినా ప్రోగ్రాం మొత్తం ఆగిపోతుంది. ఇప్పుడు జ్వరం చుక్కలకు ఆ లెక్క లేదు.

“జ్వరం సిరప్‌కి ఉందిగా. చుక్కలూ అదే మందు. ఆ లెక్కే మూల క్లాసులో పెట్టెయ్, లేనివాటికి అదే వచ్చేస్తుంది.”

“వస్తుందండి. ఎవరూ అడక్కుండానే వచ్చేస్తుంది. నా భయం అదేనండి.”

“ఇవాళ్టికి చూపించమ్మా. రేపు సరిచేద్దువుగాని.”

“నడిచేదాన్ని రేపు ఎవరు తెరిచి చూస్తారండి?”

డాక్టరు గారు లేచారు. “రేపల్లె బండి టైమైంది. గుంటూరు సెంటరు వాళ్ళు నడిచే ప్రోగ్రామే చూపించారు.”

చలపతిరావు ముఖం మాడిపోయింది. “సార్, ఒక్క నిమిషం. సిరప్ లెక్కే చుక్కలకీ వేసేస్తే అయిపోతుంది. ఈ అమ్మాయే ఒప్పుకోవడం లేదు.”

గుమ్మం దాకా వెళ్ళిన డాక్టరు గారు వెనక్కి తిరిగారు.

“చుక్కల్లో మందు నాలుగింతలు చిక్కగా ఉంటుందయ్యా. సిరప్ పట్టినంత చుక్కల మందు పడితే పసిబిడ్డకి నాలుగు డోసులు ఒక్కసారే పోసినట్టు.”

ఆయన వచ్చి మళ్ళీ కూర్చున్నారు. సంచీలోంచి చుక్కల సీసా తీసి అన్నమ్మకిచ్చారు. ఆమె సీసా మీది అక్షరాలు రెండుసార్లు చదివి లెక్క రాసింది. ఈసారి ప్రోగ్రాం నడిచింది. డాక్టరు గారు స్వయంగా బరువులు మార్చి మార్చి కొట్టారు. అన్నీ సరిగ్గా వచ్చాయి.

“పని మీదే,” అన్నారు ఆయన.

“మా అమ్మాయండి. నేను తియ్యమన్నా తియ్యలేదు,” అన్నాడు చలపతిరావు ఛాతీ విరుచుకుని.

“అది సరే. చుక్కల క్లాసుకి మోతాదు రాయడం మరిచిపోయిన మనిషెవరో గాని, నా మందుల జోలికి మాత్రం రాకూడదు.”

“రేపట్నుంచి ఉండడండి. ఎవరమ్మా అది?”

అన్నమ్మ లేచి నిలబడింది. తల దించలేదు.

“నేనేనండి. రూలు రాసిన నన్నే అది ఆపింది, ఇంకెవర్నీ వదలదండి.”